అమ్మ మోకాళ్ల నొప్పులకి ఆక్యుపంక్చర్ చేయిద్దామనుకుంటున్నాం, మొదటిసారి వెళ్లే ముందు ఏం తెలుసుకోవాలి?

లేసుకుట్టు_ఇల్లు:

అందరికీ నమస్కారం అండి. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మకి 58 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ లేసు కుట్టే పనే, ఇప్పటికీ రోజుకి ఐదారు గంటలు వసారాలో చాప మీద కాళ్లు మడిచి కూర్చుని కుడుతుంది. రెండేళ్ల నుంచి రెండు మోకాళ్లూ నొప్పులు, కుడిది మరీ ఎక్కువ, కూర్చుని లేవాలంటే గోడ పట్టుకోవాలి. ఎక్స్‌రే తీయించాం, గుజ్జు అరిగింది, ఇంకా ఆపరేషన్ దాకా రాలేదు, బరువు తగ్గాలి, వ్యాయామం చేయాలి అన్నారు ఎముకల డాక్టర్ గారు. నొప్పి మాత్రలు వాడదామంటే పోయినేడాది గుండెకి స్టెంట్ వేశారు, ఆ మాత్రలు ఇష్టమొచ్చినట్టు వాడకూడదని గుండె డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. రక్తం పల్చబడటానికి రెండు రకాల మాత్రలు వేసుకుంటోంది. పైగా పదేళ్ల నుంచి షుగర్, అరికాళ్లు అప్పుడప్పుడు మొద్దుబారినట్టు ఉంటాయంటుంది.

మా వీధిలో ఒకావిడ భీమవరం వెళ్లి ఆక్యుపంక్చర్ చేయించుకుని నడుం నొప్పి బాగా తగ్గిందని చెప్పారు. అప్పటి నుంచి అమ్మకి వెళ్లాలని ఉంది, కానీ భయం కూడా ఉంది. సూదులు గుచ్చితే రక్తం కారుతుందా, ఎంతసేపు ఉంచుతారు, ఎన్నిసార్లు వెళ్లాలి, పథ్యం ఏమైనా ఉంటుందా (చేపల పులుసు మానేయమంటారేమోనని అమ్మ దిగులు), అన్నిటికంటే ముఖ్యంగా స్టెంట్ వేసిన మనిషికి ఇది చేయించవచ్చా? నాకు కంప్యూటర్‌లో దొరికినవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి. స్వయంగా చేయించుకున్నవాళ్లు గానీ, తెలిసినవాళ్లు గానీ ఉంటే కాస్త వివరంగా చెప్పండి. వచ్చే వారం వెళ్దామనుకుంటున్నాం.

కోనసీమ_టీచర్:

చెల్లీ, మీ అమ్మగారి భయం నాకు బాగా అర్థమైంది, మొదటిసారి వెళ్లినప్పుడు నాకూ అరచేతులు చెమట పట్టేశాయి. నాకు పన్నెండేళ్లుగా మైగ్రేన్. ఎండాకాలంలో బడిలో మధ్యాహ్నం పూట మొదలైందంటే ఇంటికొచ్చి చీకటి గదిలో పడుకోవాల్సిందే, నెలకి ఆరేడుసార్లు వచ్చేది. న్యూరాలజీ డాక్టర్ గారి మాత్రలు వాడుతూనే, ఆయనకి చెప్పే, అమలాపురంలో ఒక డాక్టర్ గారి దగ్గర ఎనిమిది సిట్టింగులు చేయించుకున్నాను. మొదటి రోజు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను, మీ అమ్మగారికి చదివి వినిపించండి.

మొదట సూది మాటే లేదు. దాదాపు అరగంట ప్రశ్నలే అడిగారు. నొప్పి ఎప్పుడు మొదలవుతుంది, నిద్ర ఎలా ఉంది, విరేచనం సాఫీగా అవుతోందా, నెలసరి ఎలా ఉంది, చలి ఎక్కువా వేడి ఎక్కువా, ఇవన్నీ. నాలుక చాపమని చూశారు. రెండు చేతుల మణికట్టు దగ్గరా మూడేసి వేళ్లు ఆనించి చాలాసేపు నాడి చూశారు. ఇది చైనా వైద్యంలో ఉన్న పద్ధతేనట. అందుకే మొదటిసారి గంటకి పైగా పడుతుంది, బస్సు టైము చూసుకుని హడావుడిగా వెళ్లకండి.

తర్వాత పడుకోబెట్టి, నా కళ్ల ముందే కొత్త ప్యాకెట్ చింపారు. ఈ ఒక్కటీ తప్పకుండా చూడండి. సూది చూస్తే ఇంజక్షన్ సూదిలా లేదు, తల వెంట్రుక కంటే కాస్త మందం అంతే, పట్టుకునే చోట మాత్రం సన్నటి తీగ చుట్టి ఉంది. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి చర్మం మీద ఆనించి పైనుంచి వేలితో టక్కున తట్టారు. చీమ కుట్టినట్టు అనిపించింది, ఒక్కోచోట అది కూడా తెలియలేదు. అసలు సంగతి ఆ తర్వాత. సూదిని కొంచెం తిప్పినప్పుడు బొటనవేలికి చూపుడువేలికి మధ్య కండలో బరువుగా, లోపలినుంచి లాగుతున్నట్టు, మోచేతి దాకా జివ్వుమంది. నేను కంగారుపడి చెయ్యి లాగేయబోతే డాక్టర్ గారు నవ్వి, కదలకండి, ఈ బరువు రావాలనే చూస్తున్నాను అన్నారు. దాన్ని వాళ్లు 'దె ఛి' అంటారట. ఆ బరువు, తిమ్మిరి, లాగుడు మామూలే. కానీ కత్తితో కోసినట్టు, మంటగా, కరెంటు షాకులా నొప్పి వస్తే మాత్రం వెంటనే చెప్పాలి, వాళ్లు సూదిని సర్దుతారు లేదా తీసేస్తారు. మొహమాటపడి ఓర్చుకోవద్దు చెల్లీ, మన ఆడవాళ్లకి ఆ అలవాటు ఎక్కువ.

పది సూదులు పెట్టారు, తలకి రెండే, మిగతావన్నీ చేతులకీ కాళ్లకీ. తలనొప్పికి పాదం మీద సూది ఏమిటని నాకు వింతగా అనిపించింది, మీ అమ్మగారికి కూడా మోకాళ్లకి కాకుండా చేతికో చెవికో పెడితే అలా అనిపించవచ్చు. ఇరవై అయిదు నిమిషాలు కదలకుండా పడుకున్నాను, పది నిమిషాలయ్యాక నిద్ర పట్టేసింది కూడా. తీసేటప్పుడు అసలు తెలియలేదు. రెండుచోట్ల చిన్న చుక్క రక్తం వచ్చింది, దూదితో నొక్కారు. మర్నాడు ఒకచోట కందిన మచ్చ, రెండు రోజులు ఒళ్లు బద్ధకం.

ఫలితం గురించి అబద్ధం చెప్పను. మూడు సిట్టింగుల దాకా ఏమీ తెలియలేదు. అయిదో దాని తర్వాత నుంచి నెలకి ఆరేడుసార్లు వచ్చేది రెండు మూడుసార్లకి తగ్గింది, వచ్చినా ఇదివరకటంత తీవ్రంగా లేదు. పూర్తిగా పోలేదు, మాత్రలు మానలేదు. ఏడాదిన్నర అయింది.

ఇంకొక్క మాట. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, కడుపు నిండా బిర్యానీ తినీ వెళ్లొద్దు. గంటన్నర ముందు రెండు ఇడ్లీలు తిని, నీళ్లు తాగి వెళ్లమనండి, అందులోనూ మీ అమ్మగారికి షుగర్ కదా. నా పక్క బెడ్డు మీద ఒక అబ్బాయి ఏమీ తినకుండా వచ్చి కళ్లు తిరిగి పడిపోయినంత పనైంది, వెంటనే సూదులన్నీ తీసేసి కాళ్లు ఎత్తుగా పెట్టి పడుకోబెట్టారు, అయిదు నిమిషాల్లో తేరుకున్నాడు. బట్టలు కూడా వదులుగా, మోకాళ్ల పైదాకా మడవగలిగేవి వేసుకుంటే మంచిది. చీర కంటే నైటీ నయం.

రాజమండ్రి_ఫిజియో:

నేను ఫిజియోథెరపిస్టుని, పద్నాలుగేళ్లుగా మోకాళ్ల నొప్పుల వాళ్లతోనే నా పని. నేను ఆక్యుపంక్చర్ చేయను గానీ చేయించుకునేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. టీచర్ గారు అనుభవం చాలా బాగా చెప్పారు, నేను మీ అమ్మగారి విషయానికి వస్తాను, ఎందుకంటే మామూలు మనిషికి చెప్పేది వేరు, స్టెంట్, షుగర్ రెండూ ఉన్న మనిషికి చెప్పేది వేరు.

ముందుగా స్టెంట్. రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటున్నంత మాత్రాన ఆక్యుపంక్చర్ చేయకూడదని లేదు, కానీ చేసేవాళ్లకి ఆ సంగతి సూది పెట్టకముందే తెలియాలి. తెలిస్తే లోతుగా గుచ్చరు, తీశాక మామూలు కంటే ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటారు, కందిన మచ్చలు కాస్త ఎక్కువ పడతాయని ముందే చెబుతారు. అందుకని మాత్రల పేర్లు నోటితో చెప్పడం కాదు, చీటీ, స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జి కాగితం రెండూ పట్టుకెళ్లండి. వెళ్లే ముందు గుండె డాక్టర్ గారికి ఒక ఫోన్ చేసి అడగండి. ఇప్పుడు గట్టిగా చెబుతున్నాను: సూదులకి రక్తం వస్తుందేమోనని ఆ మాత్రలు ఒక్క పూట కూడా సొంతంగా ఆపకండి. స్టెంట్ లోపల రక్తం గడ్డకట్టిందంటే గుండెపోటే. ఎవరైనా ఆపమన్నా సరే, గుండె డాక్టర్ చెబితే తప్ప ఆపొద్దు.

స్టెంట్‌నీ పేస్‌మేకర్‌నీ (గుండె లయని సరిచేసే చిన్న బ్యాటరీ యంత్రం) కలిపేసి మాట్లాడేవాళ్లు చాలామంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి సూదులకి వైర్లు తగిలించి సన్నగా కరెంటు ఇచ్చే పద్ధతి వాడకూడదు. మీ అమ్మగారిది స్టెంటేనా, పేస్‌మేకర్ కూడా ఉందా అన్నది కాగితంలో చూసుకోండి.

ఇక షుగర్, మొద్దుబారిన అరికాళ్లు. మోకాళ్ల నొప్పులకి కొందరు సూది పైభాగాన గానీ చర్మానికి దగ్గరగా గానీ ఒక రకం ఎండు ఆకుని కాల్చి వేడి పెడతారు, మోక్సా అంటారు. ఆ ఆకు మన వినాయకచవితి పత్రిలో ఉండే మాచిపత్రి జాతే. సెగ హాయిగానే ఉంటుంది, కానీ పాదాల్లో స్పర్శ తగ్గిన మనిషికి కాలుతున్నా తెలియదు, బొబ్బ లేచాక గానీ కనబడదు, షుగర్ వాళ్లకి ఆ బొబ్బ పుండు అయితే ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. కాబట్టి పాదాలకీ కాళ్లకీ వేడి వద్దని మీరే ముందు చెప్పండి. ఇంటికొచ్చాక ఆ రాత్రి పాదాలు, వేళ్ల సందులు, సూదులు పెట్టిన చోట్లు లైటు వెలుతురులో ఒకసారి చూడండి. ఎరుపు, వాపు, చీము ఏదైనా కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

సూది మందం గురించి కూడా చెబుతాను. సాధారణంగా వాడేది పావు మిల్లీమీటరు, అంటే షుగర్ వాళ్లు ఇన్సులిన్ పెన్నుకి తగిలించే సూదంత సన్నం, చేతికి ఇంజక్షన్ చేసే సూదిలో సగం కూడా ఉండదు. లోపల బోలు ఉండదు, మందు ఏదీ ఎక్కదు, కొన కూడా కోసినట్టు కాకుండా దబ్బనం కొనలా నున్నగా ఉంటుంది, అందుకే నొప్పి తక్కువ. ఒకసారి వాడి పారేసేవే వాడాలి. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి. వాడినవి మామూలు చెత్తబుట్టలో కాకుండా గట్టి తెల్ల డబ్బాలో వేస్తున్నారో లేదో కూడా చూడండి, సూదుల వ్యర్థాలకి నిబంధన అదే. "మీ సూదులు మీకే ఉంచుతాం, మళ్లీ అవే వాడతాం" అంటే ఒప్పుకోవద్దు. సరిగ్గా స్టెరిలైజ్ చేయని సూదితో హెపటైటిస్ బి లాంటివి అంటుకున్న సందర్భాలు ప్రపంచంలో ఉన్నాయి.

ఒక చిన్న పని మీ అమ్మగారికే అప్పగించండి: ఎన్ని సూదులు పెట్టారో లెక్కపెట్టుకోవడం, తీసినప్పుడు మళ్లీ లెక్క చూసుకోవడం. రద్దీగా ఉన్నచోట ఒకటి మర్చిపోయి మడమ దగ్గరో జుట్టులోనో వదిలేయడం జరిగే తప్పే.

మోకాళ్లకి చేస్తే పెద్ద ప్రమాదాలు అరుదు. మెడ కింద, భుజాల మీద, వీపు పైభాగంలో, ఛాతీ మీద పెట్టేటప్పుడు మాత్రం చేయి తిరిగినవాళ్లు కావాలి, లోతుగా దిగితే ఊపిరితిత్తికి తగలొచ్చు. చాలా అరుదు, అయినా ఆ రోజో మర్నాడో ఊపిరి పీలిస్తే పోటు, ఆయాసం వస్తే సూదుల నొప్పిలే అని ఇంట్లో కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

గర్భంతో ఉన్నవాళ్లు చదువుతుంటే వాళ్లూ ముందే చెప్పాలి, కొన్ని చోట్ల సూదులు పెట్టకుండా వదిలేస్తారు, టీచర్ గారు చెప్పిన బొటనవేలి పక్క చోటు కూడా వాటిల్లో ఒకటి.

మండపేట_రైతుబిడ్డ:

ఫిజియో గారు మాత్రల గురించి చెప్పిన మాట చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. మా నాన్నగారి సంగతి. 2021లో ఊడ్పులప్పుడు అరికాళ్ల మంటలు ఎక్కువైతే తెలిసినవాళ్లు చెప్పారని ఒకచోటికి తీసుకెళ్లాం. ఊరు, పేరు చెప్పను. గోడ నిండా సర్టిఫికెట్లు ఉన్నాయి, ఒక్కటీ నేను చదవలేదు, అది నా తప్పు. అక్కడ చెప్పింది ఏమిటంటే ఈ వైద్యం పనిచేయాలంటే ఇంగ్లీషు మందులన్నీ పూర్తిగా మానేయాలి, షుగర్ మాత్రలు కూడా, శరీరం తనంతట తాను సరిచేసుకుంటుంది అని. షుగర్ చూపించుకోవద్దు, చూస్తే మనసుకి భయం తప్ప ఉపయోగం లేదన్నారు. నాన్నగారికి మాత్రలంటే ముందే విసుగు, ఆ మాట ఆయనకి తేనెలా తోచింది.

రెండు నెలలు. చేలోకి దిగినప్పుడు కాలికి చిన్న గుల్ల గీసుకుంది, ఆయనకి నొప్పి తెలియలేదు, మాకు చెప్పలేదు. వాసన వస్తే మా అమ్మ చూసింది. ఆసుపత్రిలో షుగర్ చూస్తే 480. చిటికెన వేలు తీసేశారు. కాలు దక్కింది, అదే పదివేలు అనుకున్నాం.

నేను ఆక్యుపంక్చర్‌ని తప్పుపట్టడం లేదు, సూదుల వల్ల ఆయనకి ఏమీ కాలేదు. మాత్రలు మానేయమన్న మాట వల్ల అయింది. ఆ మాట ఎవరు చెప్పినా, ఎంత మంచిగా చెప్పినా, ఆ గుమ్మం దిగి వచ్చేయండి చెల్లీ. అలాగే క్యాన్సర్ తగ్గిస్తాం, కిడ్నీలు బాగుచేస్తాం అనేవాళ్ల దగ్గర కూడా.

కాకినాడ_పోర్టు:

అందరూ చెప్పినవి బాగున్నాయి. నేను వేరే వైపు చెప్పాలి, ఎందుకంటే నాకు ఆక్యుపంక్చర్ పనిచేయలేదు. నడుం నొప్పికి పన్నెండు సిట్టింగులు చేయించుకున్నాను, పడుకున్న అరగంట హాయిగా ఉండేది, ఇంటికొచ్చేసరికి యథాతథం. దాంతో కాస్త చదివాను. 2007లో జర్మనీలో నడుం నొప్పి ఉన్న 1,162 మంది మీద పెద్ద పరీక్ష చేశారు. అసలు ఆక్యుపంక్చర్‌తో మెరుగైనవాళ్లు 47.6 శాతం, కావాలని వేరే చోట్ల పైపైన సూదులు పెట్టిన వాళ్లలో 44.2 శాతం, మామూలు మందులు వ్యాయామాలతో 27.4 శాతం. అంటే సూదుల వల్ల మేలైతే ఉంది గానీ సరిగ్గా ఆ చోటే గుచ్చాలన్నదాంట్లో తేడా పెద్దగా కనబడలేదు. 2018లో 39 పరీక్షలు, 20,827 మంది వివరాలు కలిపి చూసిన దాంట్లో నడుం, మెడ, భుజం, మోకాలు, తలనొప్పి లాంటి పాత నొప్పులకి ఉత్తుత్తి సూదుల కంటే అసలువి కొంచెం మెరుగని తేలింది, మేలు ఏడాది తర్వాత కూడా చాలావరకు నిలిచింది. ఇంకోవైపు ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022లో కీళ్ల అరుగుదలకి ఆక్యుపంక్చర్ ఇవ్వొద్దని రాసింది. అదే సంస్థ మైగ్రేన్‌కి మాత్రం మందులు పనికిరానప్పుడు పది సిట్టింగుల దాకా ప్రయత్నించొచ్చంటుంది. కాబట్టి టీచర్ గారికి తగ్గడంలో ఆశ్చర్యం లేదు.

నేను చెప్పేది ఏమిటంటే మీ అమ్మగారు వెళ్లొచ్చు, కానీ ముందే ఒక గీత గీసుకోండి. ఆరు సిట్టింగులు, వారానికి ఒకటో రెండో. మొదలుపెట్టే రోజు ఒక కాగితం మీద రాయండి: ఎన్ని నిమిషాలు నడవగలుగుతోంది, గోడ పట్టుకోకుండా లేవగలుగుతోందా, రాత్రి నొప్పికి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది. ఆరు అయ్యాక అదే కాగితం తీసి చూడండి. తేడా లేకపోతే ఆపేయండి. ముందే ముప్పై సిట్టింగుల ప్యాకేజీకి డబ్బులు కట్టేయమంటే కట్టకండి, నేను కట్టి, సగంలో ఆపితే తిరిగి రాలేదు.

చేసేవాళ్ల అర్హత కూడా అడగండి, అడగడంలో తప్పేమీ లేదు. 2003లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆక్యుపంక్చర్‌ని ఒక చికిత్సా పద్ధతిగా ఒప్పుకుంటూ రిజిస్టర్డ్ డాక్టర్లో, సరైన శిక్షణ పొందినవాళ్లో చేయొచ్చంది. ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్నాళ్లు, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, ఈ మూడూ అడిగితే చికాకు పడకుండా చెప్పేవాళ్లని నమ్మొచ్చు.

లేసుకుట్టు_ఇల్లు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి. మండపేట అన్నయ్యా, మీ నాన్నగారి సంగతి చదివితే కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆయన ఇప్పుడు ఎలా ఉన్నారు? అమ్మకి అన్నీ చదివి వినిపించాను. డిశ్చార్జి కాగితం చూశాను, స్టెంట్ ఒక్కటే, పేస్‌మేకర్ లేదు. గుండె డాక్టర్ గారి దగ్గర కనుక్కున్నాం, మోకాళ్ల నొప్పికి చేయించుకోవచ్చు, మాత్రలు ఒక్కటీ ఆపొద్దు అన్నారు. ఫిజియో గారూ, రెండు చిన్న ప్రశ్నలు. పథ్యం సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి, ఇది చేయించుకుంటూ వ్యాయామం కూడా చేయొచ్చా, లేక సూదులు అయ్యేదాకా ఆపాలా?

మండపేట_రైతుబిడ్డ:

బాగున్నారు చెల్లీ. చెప్పులు లేకుండా గట్టు మీదికి కూడా వెళ్లనివ్వట్లేదు మా అమ్మ.

రాజమండ్రి_ఫిజియో:

పథ్యం ఏమీ లేదండి. సూదులకోసమని ఏదీ మానక్కర్లేదు, షుగర్‌కీ గుండెకీ డాక్టర్లు చెప్పిన తిండే పథ్యం. చేపల పులుసు హాయిగా తినమనండి, ఉప్పూ నూనే తగ్గించి, పక్కన అన్నం కొలతగా పెట్టుకుంటే చాలు. ఆ రోజు మాత్రం ఎండలో తిరగడం, బరువులు ఎత్తడం పెట్టుకోవద్దు. కళ్లు తిరిగే అవకాశం ఉంటుంది కాబట్టి మొదటిసారి ఒంటరిగా బండి మీద పంపకండి, పక్కన మీరుండాలి.

వ్యాయామం ఆపొద్దు. అసలు మోకాలికి దీర్ఘకాలం పనికొచ్చేది అదే, సూదులతో నొప్పి కాస్త తగ్గితే ఆ తగ్గిన సమయంలో వ్యాయామం చేయగలగడమే అసలు లాభం. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా ముందుకి చాపి, తొడ కండ బిగించి అయిదు లెక్కపెట్టేదాకా ఉంచి దించాలి, ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకి మూడు పూటలు. మొదట్లో అయిదుసార్లే చేయగలిగినా పర్వాలేదు. చేసేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టున్నా ఆయాసం వచ్చినా ఆపేయాలి. బరువు ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది, ఈ లెక్క మా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను.

ఇంకొకటి, అడగకపోయినా చెబుతున్నాను. చాప మీద కాళ్లు మడిచి కూర్చుని లేసు కుట్టడం ఆపకుండా ఏ వైద్యం చేయించినా మోకాళ్లు మళ్లీ మొదటికే వస్తాయి. చేతులున్న కుర్చీ, ఒళ్లో తలగడ, దాని మీద లేసు. ముప్పావుగంటకి ఒకసారి లేచి వసారాలో నాలుగు అడుగులు. మొదటి వారం రోజులు కుట్టు కుదరక విసుక్కుంటారు, తర్వాత అలవాటవుతుంది.

ఎప్పుడైనా మోకాలు హఠాత్తుగా ఎర్రగా వాచి వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా, పిక్క ఒక్కటే బిగుసుకుని వాచినా అది ఆక్యుపంక్చర్‌కి వెళ్లే రోజు కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు.

కోనసీమ_టీచర్:

కుర్చీ మాట బాగా చెప్పారు ఫిజియో గారు. చెల్లీ, వెళ్లొచ్చాక ఎలా ఉందో రాయడం మర్చిపోవద్దు.

లేసుకుట్టు_ఇల్లు:

వెళ్లొచ్చామండి, నిన్న. రాద్దామని రాత్రే అనుకున్నాను, అమ్మతో పాటు నేనూ నిద్రపోయాను.

పొద్దున ఎనిమిదింటికి ఇడ్లీ తిని, మాత్రలన్నీ వేసుకుని బయల్దేరాం. సూదులు పెట్టేది లేడీ డాక్టరే, ఆక్యుపంక్చర్ ఎక్కడ నేర్చుకున్నారని నేను అడిగితే సొరుగులోంచి సర్టిఫికెట్ తీసి చూపించారు, ఏమీ అనుకోలేదు. చీటీలన్నీ చదివి, రక్తం మాత్రల పేర్ల కింద ఎర్ర పెన్నుతో గీత గీసుకున్నారు. వేడి పెట్టొద్దని నేను చెప్పకముందే, పాదాలు మొద్దుబారతాయి అనగానే దూదిపోగుతో అరికాళ్లు తాకి, తెలుస్తోందా అని అడిగి, వేడి వద్దులే అని ఆవిడే అన్నారు. ముందు ఆరు సిట్టింగులే అనుకుందాం, తర్వాత చూద్దాం అన్నారు, కాకినాడ అన్నయ్య చెప్పిన మాటే.

అమ్మ మొదటి రెండు సూదులకి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడోదానికి వదిలేసింది. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల దూరంలో పక్కకి ఒకటి పెట్టి తిప్పినప్పుడు, పాదం దాకా ఏదో పాకింది అంది, ముఖం చిట్లించింది గానీ నొప్పి కాదు అంది. ఇరవై నిమిషాలు ఉంచారు. తీశాక ఒక్కోచోట చాలాసేపు దూదితో నొక్కి పట్టుకున్నారు, ఇవాళ చూస్తే కుడి మోకాలి పక్కన రూపాయి బిళ్లంత మచ్చ పడింది, నొప్పి లేదు. మోకాళ్ల నొప్పి మాత్రం ఏమీ తగ్గలేదు, ఒక్కసారికే తగ్గుతుందని మేమూ అనుకోలేదు. కాగితం రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను: పదకొండు నిమిషాల నడక, గోడ పట్టుకునే లేవడం, రాత్రి రెండుసార్లు మెలకువ.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, సూదులు లెక్కపెట్టావా అమ్మా అని అడిగాను. గొలుసు కుట్లు లెక్కపెట్టినట్టే వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ చూపించింది, ఎడమ కాలికి అయిదు, కుడి కాలికి అయిదు, చేతులకి రెండు, పన్నెండు పెట్టారు, పన్నెండూ తీశారు అంది. మళ్లీ గురువారం వెళ్తున్నాం. కుర్చీ ఇవాళ పాలకొల్లు నుంచి తెప్పిస్తున్నాను.